రాత్రి కాగానే నిద్దరపోయే కెమెరాలు

సాఫ్టువేరు ఉద్యోగం చేసే ప్రతి రాయలసీమ వాడికీ ఊరినుంచి రెండు నెలలకో ఫోనొస్తుంది. ఒకప్పుడు "మావాడికి ఏ కోర్సు చేయించాల?" అనడిగేవాళ్ళు. తర్వాత "ఏ ల్యాప్‌టాపు కొనాల?" అన్నారు. ఇప్పుడది "ఏ కెమెరా పెట్టుకుంటే మంచిది నాయనా?" దగ్గరికొచ్చింది. మనం జావాలో కోడు రాస్తామా, టెస్టింగ్ చేస్తామా, హెచ్చార్‌లో ఉన్నామా అన్నది వాళ్ళకనవసరం. కంప్యూటర్ ముందు కూర్చుంటాం కాబట్టి కరెంటుతో నడిచే ప్రతిదానికీ మనమే పూచీ. మనలో చాలామంది ఏం చేస్తారు? ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అమెజాన్ తెరిచి, చుక్కలు లెక్కపెట్టి, "ఐదు మెగాపిక్సెల్‌ది తీసుకో మామా, నైట్ విజన్ ఉండేది" అని చెప్పేసి మీటింగులోకి వెళ్ళిపోతారు.

ఈ సలహా శుద్ధ దండగ. మెగాపిక్సెళ్ళ గురించి సేల్సు కుర్రాడైనా చెబుతాడు. ఇంజనీరింగ్ చదివినవాడు అడగాల్సింది వేరే ఉంది. కెమెరాకీ, రికార్డింగ్ పెట్టెకీ మధ్య ఎన్ని మీటర్ల తీగ ఉంది? ఆ తీగ దేంతో చేశారు? దాంట్లో కరెంటు ఎన్ని వోల్టుల మీద పోతోంది? ఈ మూడూ అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఒక ఉదాహరణ చెప్తాను, మాకు తెలిసినదే. మా చిన్నాయనకి ప్రొద్దుటూరునుంచి జమ్మలమడుగు పోయే దారిలో శనగల గోడౌను ఉంది. ఆ పక్కంతా నల్లరేగడి, శనగ పంట బాగా పండుతుంది, పంటకాలంలో గోడౌను నిండా బస్తాలే. ఎనిమిది కెమెరాలు పెట్టించాడు (నన్నడగలేదు లెండి, పక్క గోడౌనాయన పెట్టించుకున్నాడని అదే కుర్రాడితో పెట్టించాడు). ఆ కుర్రాడు, "అన్నా, మామూలు 3+1 కేబులైతే ఖర్చెక్కువ. నేను నెట్ కేబులు లాగుతా. ఒకే వైర్లో బొమ్మ, కరెంటు రెండూ పంపిస్తా" అన్నాడట. ఈ మాటలో తప్పేం లేదు, నిజంగానే పంపించొచ్చు. నెట్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి. ఒక జత మీద వీడియో, ఒక జత మీద 12 వోల్టుల కరెంటు. రెండు చివర్లా వేలెడంత బాలన్లు పెడితే సరిపోతుంది. పగటిపూట టీవీలో ఎనిమిది బొమ్మలూ అద్దంలో చూసినట్టు కనపడ్డాయి. డబ్బులిచ్చి పంపేశాడు.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు పొద్దున వెనక గేటు దగ్గర పదకొండు బస్తాలు లేవు. రికార్డింగు వెనక్కి తిప్పి చూస్తే వెనక గేటు కెమెరాలో సాయంత్రం ఆరున్నర దాకా ఆకు కదిలినా కనపడుతోంది. ఆ తర్వాత బొమ్మ వస్తుంది, నల్లగా పోతుంది, "వీడియో లాస్" అని అక్షరాలొస్తాయి, మళ్ళీ బొమ్మొస్తుంది, మళ్ళీ పోతుంది. తెల్లారేదాకా ఇదే వరస. అంతకు ముందు రోజుల రికార్డింగులు చూస్తే, ప్రతిరాత్రీ ఇంతే! నాలుగు నెలలూ ఎవరూ చూడలేదు. చూడటానికి రాత్రిపూట టీవీ ముందు ఎవరుంటారు?

నష్టం పదకొండు బస్తాలతో పోలేదు. కెమెరాలు లేనప్పుడు దొంగతనమైతే "ఎవరో ఎత్తకపోయినారు" అనుకునేవాళ్ళు. కెమెరా ఉండీ సరిగ్గా ఆ రాత్రి కనపడకపోతే మాత్రం "వైరు ఎవరో పీకినారు, తెలిసినోడే చేసినాడు" అంటారు. ఆ తెలిసినోడు ఎవరయ్యా అంటే, పదిహేనేళ్ళుగా అక్కడ పడుకుంటున్న కాపలా తాత. పోలీసులు రెండుసార్లు పిలిపించి మాట్లాడారు, అంతకన్నా ఏమీ చెయ్యలేదు. కానీ ఆయన మూడోరోజు తాళంచెవులు బల్ల మీద పెట్టి, "నా మీద అనుమానం పడినాక నేనీడ ఎట్ల పడుకునేది సామీ" అని వెళ్ళిపోయాడు. బస్తాలు ఎవరు తీసుకెళ్ళారో ఇప్పటికీ తెలీదు.

నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆ తీగ చివర కొంచెం గీకి చూశాను. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. అంటే అల్యూమినియం తీగకి రాగి పూత. మార్కెట్లో దీన్ని సీసీఏ అంటారు. ఇక లెక్క వేసుకుందాం, మనకందరికీ పాలిటెక్నిక్కులోనో ఇంటర్లోనో చెప్పిన ఓమ్ సూత్రమే.

నెట్ కేబుల్లో ఉండే 24 గేజి అసలు రాగి తీగకి మీటరుకి సుమారు 0.084 ఓముల నిరోధం. వెనక గేటు 80 మీటర్లు. కరెంటు పోవాలి, తిరిగి రావాలి కాబట్టి 160 మీటర్లు, అంటే పదమూడున్నర ఓములు. పగలు కెమెరా 0.15 ఆంపియర్లు తీసుకుందనుకోండి, తీగలోనే రెండు వోల్టులు పోయి కెమెరాకి పది అందుతాయి. నడుస్తుంది. చీకటి పడగానే చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. కరెంటు 0.35 ఆంపియర్లకి పోతుంది. తీగలో 4.7 వోల్టులు హరీ! మిగిలింది ఏడు చిల్లర. ఇది మంచి రాగితో లెక్క. రాగి పూత అల్యూమినియానికి నిరోధం ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. పగలే తొమ్మిది వోల్టుల మీద ఈడ్చుకుంటూ నడిచిన కెమెరాకి రాత్రి ఐదు కూడా మిగలవు.

ఇక్కడ ఒక తమాషా ఉంది, మనవాళ్ళకి బాగా నచ్చుతుంది. దీపాలు వెలగ్గానే వోల్టేజి పడిపోయి కెమెరా ఆగిపోతుంది. ఆగిపోగానే దీపాలారిపోతాయి, వోల్టేజి మళ్ళీ పెరుగుతుంది. కెమెరా మళ్ళీ లేస్తుంది, బొమ్మ వస్తుంది. చుట్టూ చూస్తుంది, అబ్బో చీకటిగా ఉందే అనుకుని దీపాలు వేస్తుంది. మళ్ళీ పోతుంది. ప్రొడక్షన్లో సర్వరు రీబూట్ లూపులో పడితే అర్ధరాత్రి పేజర్ మోగుతుంది, పదిమంది కాల్‌లోకొస్తారు, తెల్లారి ఆర్‌సీఏ రాయమంటారు. ఇక్కడ నాలుగు నెలలు లూపులో తిరిగినా అడిగేవాడు లేడు.

తప్పు మెలితిప్పిన తీగది మాత్రం కాదు. ఇది చెప్పకపోతే ఆ తీగకి అన్యాయం చేసినట్టవుతుంది. రెండు తీగల్ని జడలా మెలితిప్పితే బయటి గోల తగ్గుతుందన్నది అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు తీసుకున్న ఆలోచన. పక్కన పోయే కరెంటు తీగ ఈ రెండిటిలోనూ ఒకే రకమైన గోల పుట్టిస్తుంది. అవతలి చివర రెండిటి మధ్య తేడా మాత్రమే చూస్తారు కాబట్టి, రెండిట్లో సమానంగా ఉన్న గోల కొట్టుకుపోతుంది. బాలన్ చేసే పని ఇదే. 75 ఓముల కొయాక్సు బాణీలో ఉన్న వీడియోని 100 ఓముల జంట తీగ బాణీలోకి మారుస్తుంది. బోరు మోటారు తీగ పక్కనే పోయినా బొమ్మలో గీతలు రాకుండా కాపాడుతుంది. ఈ విషయంలో కొయాక్సు కన్నా ఇదే మేలు. పాత రకం అనలాగ్ బొమ్మ మామూలు బాలన్లతోనే మూడొందల మీటర్ల దాకా పోయేది. హెచ్‌డీ వచ్చాక ఆ దూరం తగ్గిందిగానీ, ఎనభై మీటర్లు దానికో లెక్క కాదు. చిన్నాయన గోడౌనులో బొమ్మ తీగ బ్రహ్మాండంగా పనిచేసింది. దెబ్బకొట్టింది పక్క జతలో పోతున్న పన్నెండు వోల్టులు.

ఒకే జత తీగ మీద మాట, కరెంటు రెండూ పంపడం మనకి కొత్తేమీ కాదు. మన ఇళ్ళలో ఉండిన ల్యాండ్‌లైన్ ఫోను గుర్తుందా? కరెంటు పోయి ఊరంతా చీకటైనా ఫోను మాత్రం పలికేది. చిన్నప్పుడు నాకదో వింత. ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీలుండేవి, అవి 48 వోల్టులు ఆ జంట తీగ మీదే ఇంటిదాకా పంపేవి. పులివెందులలో ఉన్న ఎక్స్‌ఛేంజి బ్యాటరీ కిలోమీటర్ల అవతల పల్లెలో ఫోనుని బతికించేది. 48 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తీగలో పోయే నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది. కాబట్టి దూరం పంపాలంటే వోల్టేజి పెంచి కరెంటు తగ్గించాలి. ఇది తెలియడానికి ఇంజనీరే కానక్కర్లేదు. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ పొగగొట్టాలు చూస్తూ పెరిగాం, అక్కడినుంచి పొలాల మీదుగా పోయే పెద్ద స్తంభాల తీగల్లో 220 కేవీ ఎందుకుందో బడిలో చెప్పారు. అక్కడ కిలోవోల్టుల్లో పాటించే సూత్రాన్ని గోడౌను గోడ మీద గాలికొదిలేసి, 12 వోల్టులని ఎనభై మీటర్లు నడిపిస్తున్నాం. దాహమేసినవాడికి చిల్లు చెంబుతో నీళ్ళు పంపినట్టు.

ఐఈఈఈ వాళ్ళు 2003లో 802.3ఏఎఫ్ అని ప్రమాణం తెచ్చారు, అదే పీఓఈ. అదే నెట్ కేబులు మీద, 48 వోల్టుల మీద, డేటాతో పాటు కరెంటు. స్విచ్చి పోర్టు దగ్గర 15.4 వాట్లు, వంద మీటర్ల అవతల పరికరానికి 12.95 వాట్లు ఖాయం. 2009లో 30 వాట్ల రకం, 2018లో 90 వాట్ల దాకా పోయే రకం వచ్చాయి. మామూలు కెమెరాకి మొదటిదే ఎక్కువ. ఇందాకటి వెనక గేటు కెమెరానే తీసుకోండి. రాత్రిపూట నాలుగు వాట్లు కావాలి. 48 వోల్టుల మీద అది 0.08 ఆంపియర్లు. పీఓఈ రెండు జతలు వాడుతుంది కాబట్టి నిరోధం సగమవుతుంది. తీగలో పోయేది అర వోల్టు పైన కొంచెం. 48లో అరవోల్టు ఎవడిక్కావాలి?

ఇంకో అందం దీని మర్యాద. స్విచ్చి కనపడిన ప్రతిదానికీ 48 వోల్టులు తగిలించదు. ముందు చిన్న వోల్టేజి పెట్టి అవతల 25 కిలో ఓముల గుర్తు ఉందా అని తడిమి చూస్తుంది. ఉంటే, నీకెంత కావాలి అని అడుగుతుంది, అప్పుడే కరెంటు వదుల్తుంది. మనం రాసే ఏపీఐల్లో సగానికి ఇంత పద్ధతైన హ్యాండ్‌షేక్ ఉండదు. బజార్లో మాత్రం దీని పేరు చెప్పి వేరే సరుకు అమ్ముతారు. "పీఓఈ స్ప్లిట్టరు" అని రెండు తోకలున్న ముక్క వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ మర్యాదలేవీ ఉండవు, ఇటు అడాప్టరు గుచ్చితే అటు అదే 12 వోల్టులు ఖాళీ జతల మీద పోతాయి. పేరే పీఓఈ, జబ్బు పాతదే. పెట్టె మీద 802.3ఏఎఫ్ అనో ఏటీ అనో అచ్చయి ఉందా లేదా అని చూడటం ఒక్కటే మార్గం.

ప్రొద్దుటూరు బజారు చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ బంగారం వ్యాపారం ఏ స్థాయిలో జరుగుతుందో. పెద్ద నగల కొట్లవాళ్ళు ఖర్చుకి వెనకాడరు, వాళ్ళవి బాగానే ఉంటాయి. నా బాధంతా వాటి వెనక సందుల్లో ఉండే చిన్న పనివాళ్ళ కొట్లు, బట్టల కొట్లు, మందుల షాపుల గురించి. వాళ్ళ దగ్గర దూరం సమస్య కాదు, ఇరవై మీటర్లు కూడా ఉండదు. అక్కడ ఇంకో పద్ధతి నడుస్తుంటుంది. కెమెరా పక్కనే గోడకి ప్లగ్గు, దానికో అడాప్టరు. వైరు ఖర్చు మిగిలిందని ఇద్దరూ సంతోషం. డీవీఆర్‌కి మాత్రం యూపీఎస్సు ఉంటుంది. కరెంటు పోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. రికార్డింగు పెట్టె దివ్యంగా మేలుకుని ఉంటుంది, కళ్ళన్నీ మూసుకుపోయి ఉంటాయి. బయట మీటరు దగ్గర ఫ్యూజు పీకితే చాలు. ఈ సంగతి మనకి తెలియదేమోగానీ దొంగకి తెలీకుండా ఉంటుందా?

జంట తీగ మీద కరెంటు పంపడంలో అసలు లాభం ఇక్కడుంది. ఎనిమిది కెమెరాలకీ కరెంటు ఒక్క స్విచ్చినుంచే పోతుంది కాబట్టి ఆ స్విచ్చికి, పక్కనున్న పెట్టెకి కలిపి ఒక్క ఇన్వర్టరు చాలు. మొత్తం కలిపి అరవై వాట్లు అనుకున్నా, మనిళ్ళల్లో ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ నష్టాలన్నీ పోనూ రాత్రి మొత్తం లాగుతుంది. పాత ఫోను ఎక్స్‌ఛేంజి తత్వమే, ఈసారి కొట్టు గల్లాపెట్టె కింద.

"ఈ రోజుల్లో వైరేంది బాస్, వైఫై కెమెరాలొచ్చాయిగా" అనేవాళ్ళుంటారు. వైఫై అంటే డేటా గాల్లో వస్తుంది, కరెంటు గాల్లో రాదు కదా. దానికీ అడాప్టరు కావాలి. ఇంట్లో పాపాయిని చూసుకోవడానికి పెట్టుకోండి, బాగుంటుంది. జమ్మలమడుగు వైపు పాతిళ్ళ రాతి గోడలు, గోడౌన్ల రేకులు దాటి అవతలికి సిగ్నలు పోవాలంటే మాత్రం కష్టం. పైగా రూటరు ఉరుముకి పోతే అన్నీ ఒకేసారి పోతాయి.

సర్కారు సంగతి కూడా కొంచెం మాట్లాడుకోవాలి. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ తర్వాత, ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. జనం ఎక్కువగా గుమిగూడే దుకాణాలు, హాళ్ళు, ఆసుపత్రుల్లాంటి చోట్ల కెమెరాలు పెట్టాలి, రికార్డింగు 30 రోజులు ఉంచాలి. మంచిదే. అయితే చూడటానికి వచ్చినవాళ్ళు కెమెరాలు లెక్కపెడతారు, టీవీలో బొమ్మ చూస్తారు. వచ్చేది పగలే కాబట్టి బొమ్మ ఉంటుంది. పోలీస్ స్టేషన్ల విషయంలో సుప్రీంకోర్టు ఇంకాస్త లోతుకి పోయింది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్లోనూ రాత్రిపూట కూడా కనపడే కెమెరాలుండాలంది, రికార్డింగు 18 నెలలు దాచాలంది, కరెంటు లేని చోట సోలారో గాలిమరో పెట్టయినా ఇవ్వాలంది. న్యాయమూర్తులు కరెంటు గురించి కూడా ఆలోచించడం నాకు భలే నచ్చింది. అయినా 2025 సెప్టెంబరులో అదే కోర్టు, స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేకపోవడం మీద మళ్ళీ తనంతట తానే కేసు చేపట్టాల్సొచ్చింది. లాకప్పులో ఉన్నవాడికి ఆ రాత్రి కెమెరా పనిచేసిందా లేదా అన్నది ప్రాణం మీదికొచ్చే విషయం. కావాలని ఆపినవి ఎన్నో, వోల్టులందక ఆగినవి ఎన్నో బయటినుంచి చూసేవాడికి తెలీదు. అందుకే తీగ గట్టిగా ఉండాలంటాను. తీగ బాగుంటే ఆగిపోయిన కెమెరాకి సమాధానం మనిషి చెప్పాలి, వైరు మీదికి తోసెయ్యడం కుదరదు.

కోర్టుకి వెళ్ళినా అంతే. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. దాని 63వ సెక్షను కింద వీడియో ఇవ్వాలంటే సర్టిఫికెట్టు, ఫైలు హాష్ విలువతో సహా కావాలి. హాష్ అనగానే మనకి ఉత్సాహమొస్తుంది. కానీ నల్లటి బొమ్మకి ఎంత చక్కగా హాష్ తీసినా ఏం లాభం!

ఇంకో విడ్డూరం. కెమెరాలు ఎక్కడో షెన్‌జెన్‌లో తయారవుతాయనుకుంటాం కదా, కడప పక్కన కొప్పర్తిలోనే సీపీ ప్లస్ కెమెరాల ఫ్యాక్టరీ ఉంది. ఆదిత్య ఇన్ఫోటెక్, డిక్సన్ కలిసి మొదలుపెట్టిన కంపెనీ, 2024లో డిక్సన్ వాటాని ఆదిత్య తీసేసుకుంది. 2025లో షేర్లు జనానికి అమ్మినప్పుడు ఏడాదికి కోటీ 72 లక్షల యూనిట్లు చేసే సామర్థ్యం ఉందని వాళ్ళు రాసుకున్నారు. 2025 ఏప్రిల్ 9 నుంచి దేశంలో అమ్మే ప్రతి కెమెరా భద్రతా పరీక్షలు పాసవ్వాలని కేంద్రం నిబంధన కూడా పెట్టింది. ఫర్మ్‌వేరు, పాస్‌వర్డు, హార్డువేరు అన్నీ పరీక్షిస్తారు. అంటే కెమెరా సమస్య చాలావరకు ఒక దారికొచ్చింది, అదీ మా జిల్లాలోనే. ఆ పరీక్షలన్నీ నెగ్గిన కెమెరాని తెచ్చి అరవై కిలోమీటర్ల లోపల ప్రొద్దుటూరులో రాగి పూత అల్యూమినియానికి కట్టేస్తున్నాం.

దీనికి కెమెరాల కుర్రాణ్ణి తిట్టడం నాకిష్టం లేదు. అతనికి కెమెరాకింత అని ఇస్తారు. అసలు రాగి కేబులు పెట్టె, 305 మీటర్లది, ఎత్తితేనే బరువు తెలుస్తుంది, ధరలోనూ తెలుస్తుంది. అది కోట్ చేస్తే పక్కవాడు తక్కువ చెప్పి పని పట్టుకుపోతాడు. కొనేవాడు కెమెరా దగ్గర కంపెనీ చూస్తాడు, తీగ దగ్గర "ఏదో ఒకటి లాగబ్బా, గోడ లోపలుండేదేగా" అంటాడు. కుర్రాడు ఎండలో నిచ్చెన మీద నిలబడి, మే నెలలో నలభై మూడు డిగ్రీల్లో రేకుల మీద పని చేసి పోతాడు. అతనికి ఓమ్ సూత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పించుకున్న మనం ఇక్కడ ఏసీలో కూర్చుని మెగాపిక్సెళ్ళు సిఫార్సు చేస్తున్నాం. ఎవరి తప్పు ఎక్కువ?

కాబట్టి ఈసారి ఫోనొచ్చినప్పుడు కాసేపు ఓపిక పట్టండి. దూరాలు అడగండి. వంద మీటర్లలోపైతే, కొత్తగా పెట్టించుకునేదైతే, ఐపీ కెమెరాలు, పీఓఈ స్విచ్చి, అసలు రాగి క్యాట్-6 అని కాయితం మీద రాయించుకోమనండి. ఖర్చు కొంత ఎక్కువే, కాదనను. బిల్లులో కేబులు పేరు, గేజి ఉండాలి. తీగ చివర బ్లేడుతో గీకి చూసుకోమనండి, లోపల తెల్లగా కనపడితే వెనక్కిచ్చెయ్యమనండి. ఉన్న అనలాగ్‌వి మార్చలేమంటే వాటితోనే బతకొచ్చు. ఖాళీగా ఉన్న జతలు కూడా కలిపేసి, మూడు జతల మీద కరెంటు పంపితే నిరోధం మూడో వంతుకి దిగుతుంది. లేదా ఇటునుంచి ఎక్కువ వోల్టులు పంపి కెమెరా దగ్గర 12కి దించే చిన్న కన్వర్టరు పెట్టించొచ్చు. ఇవేవీ అర్థం కాలేదంటే ఒక్క పని చేయమనండి. పని అయిపోయి డబ్బులిచ్చే ముందు, పట్టపగలు, కెమెరా ముఖం మీద నల్లగుడ్డ కప్పమనండి. చీకటయిందనుకుని దీపాలు వెలుగుతాయి. అప్పుడు కెమెరా పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టి ఎన్ని వోల్టులున్నాయో చూపించమనాలి. పదకొండు పైన ఉంటే డబ్బులివ్వచ్చు. ఎనిమిదో తొమ్మిదో చూపిస్తే ఆ కెమెరా రాత్రికి నిద్దరపోతుంది. చిన్నాయన ఇప్పుడు ఈ గుడ్డ పరీక్ష తనే కనిపెట్టినట్టు ఊళ్ళో అందరికీ చెప్తున్నాడు, చెప్పనీండి.

జంట తీగకి కూడా ఒక హద్దుంది. పులివెందుల దగ్గర మా బావకి చీనీ తోట ఉంది. ఆ పక్క తోటల్లో ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి చుట్టలు, బోరు మోటార్ల కేబుళ్ళు ఎత్తుకుపోవడం పెద్ద బెడద. ఒక్క రాత్రి పోతే కొత్తది వచ్చేదాకా చెట్లు ఎండాల్సిందే. షెడ్డునుంచి ట్రాన్స్‌ఫార్మర్ 250 మీటర్లు. "నువ్వు చెప్పిన నెట్ కేబులే లాగుదామా?" అన్నాడు. వద్దన్నాను. వంద మీటర్లు దాటాక పీఓఈ ప్రమాణం బాధ్యత తీసుకోదు. కొన్ని స్విచ్చిల్లో వేగం 10 ఎంబీపీఎస్‌కి దించి 250 మీటర్ల దాకా నెట్టే మీట ఉంటుంది, ఒక్క కెమెరాకి అది చాలు కూడా. కానీ ఆరుబయట అంత పొడుగు రాగి పరిస్తే వానల ముందు పడే పిడుగులకి బొట్టుపెట్టి పిలిచినట్టే. ఎక్కడో పడ్డా ఆ తీగలో పుట్టే వోల్టేజి షెడ్డులో ఉన్న స్విచ్చిని కూడా మింగేస్తుంది. అంత దూరానికి గాజు తీగ వెయ్యాలి, దాంట్లో పిడుగు పారదు. అయితే గాజు తీగలో కరెంటు కూడా పారదు, కాబట్టి కెమెరా దగ్గర చిన్న సోలార్ పలక, బ్యాటరీ పెట్టాలి. పైగా గాజు తీగ దొంగలకి పనికిరాదు, అమ్ముకోవడానికి అందులో రాగి లేదు.

బావ అంతా శ్రద్ధగా విన్నాడు. కాసేపు ఆలోచించి, "సరే బామ్మర్దీ, మరి ఆ సోలార్ పలకే ఎత్తకపోతే?" అన్నాడు. కెమెరా పెట్టే స్తంభం ఎత్తు పెంచమని చెప్పాను. ఇరవై అడుగుల స్తంభం వేయించాడు. ఇప్పుడు దాని మీదికెక్కి పలక దుమ్ము తుడిచేదెవరు అన్న దగ్గర ఆగింది పని.